చామంతికి చీకటి లెక్క

తల తుంచడం, పిలక తీయడం, దీపం పెట్టడం... పండగ ధర అందుకోవాలంటే ఈ మూడూ తెలియాలి

ఊరి వీధి దీపానికి ఆనుకుని చామంతి వేసిన రైతులకు ఈ సంగతి కొత్త కాదు. చేనంతా మొగ్గ తొడుగుతుంది. స్తంభం పక్కనున్న నాలుగు సాళ్లు మాత్రం ఏపుగా, పచ్చగా నిలబడి ఒక్క మొగ్గ కూడా వెయ్యవు. "ఇక్కడ నేలలో ఏదో దోషం ఉంది" అని ఒకరంటారు. "దిష్టి తగిలింది" అని ఇంకొకరంటారు. మందుల షాపుకు పోతే పూత రావడానికని ఏదో సీసా చేతిలో పెడతారు. అది కొట్టినా ఆ సాళ్లు పుయ్యవు. దీపావళి దాటిపోతుంది.

నేలలోనూ, పిలకలోనూ దోషం లేదు. అసలు సంగతి ఆ దీపంలో ఉంది. చామంతి రాత్రి పొడవును కొలుచుకుని పూసే మొక్క. రాత్రి తెల్లవార్లూ వెలిగే దీపం పక్కనుంటే దానికి రాత్రి అయినట్టే తెలియదు. ఈ ఒక్క ముక్క తెలిసిన రైతు చామంతిని తను కోరుకున్న వారానికి పూయించగలడు. తెలియని రైతు అందరితో పాటు కోసి, అందరితో పాటు మార్కెట్టుకు తీసుకుపోయి, కోత కూలి కూడా రాక పూలు అక్కడే పారబోసి వస్తాడు.

అర ఎకరం, పావు ఎకరం ఉన్నవారికి ఈ తేడా చిన్నది కాదు. పెద్ద రైతు ఒక కోత పోయినా తట్టుకుంటాడు. పది సెంట్లలో పూలు వేసి పండగ మీద ఆశ పెట్టుకున్నవారికి ఆ పది రోజులే ఏడాది లెక్క. కనుక ఈ వారం చామంతి మొక్కను ఎలా మలుచుకోవాలో, దాని పొద్దును ఎలా పట్టుకోవాలో మొదటి నుంచి చూద్దాం.

మొక్క లెక్కపెట్టేది రాత్రినే

ఈ విషయం మొదట బయటపడింది మన రైతులకు బాగా తెలిసిన పంటలోనే, అంటే పొగాకులో. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల దగ్గర మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఉండేది. అది వేసవిలో నిలువెత్తు దాటి పెరిగేది గాని పూత పూసేది కాదు. చలికాలంలో అద్దాల ఇంట్లో పెంచితే చిన్న మొక్కగా ఉండగానే పూసేది. ఎరువు మార్చారు, నీరు మార్చారు, లాభం లేదు. చివరికి వేసవిలోనే మొక్కలను సాయంత్రం పెందలాడే చీకటి గదిలోకి చేర్చి, పొద్దెక్కిన తర్వాత బయటికి తెచ్చారు. పూసింది! 1920లో వారు ఈ సంగతి ప్రకటించారు. పగలు, రాత్రి పొడవును బట్టి పూసే మొక్కలున్నాయని అప్పటి నుంచి లోకానికి తెలిసింది.

తర్వాత 1938లో హామ్నర్, బానర్ అనే ఇద్దరు మన చేల గట్ల మీద ముళ్లకాయలతో పెరిగే మరులమాతంగి మొక్క మీద ప్రయోగం చేశారు. పొడవైన రాత్రి మధ్యలో కొద్దిసేపు దీపం వెలిగిస్తే చాలు, ఆ మొక్క పూత ఆపేసింది. పగటి మధ్యలో కొద్దిసేపు చీకటి చేస్తే మాత్రం దానికి ఏమీ కాలేదు. అంటే మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, తెగకుండా సాగే చీకటిని. మధ్యలో వెలుగు పడితే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

చామంతిదీ ఇదే దారి. చాలా రకాలకు చీకటి పదిన్నర గంటలు దాటితే మొగ్గ సాగుతుంది. అంతకు తగ్గితే కొమ్మ, ఆకు మాత్రమే పెరుగుతాయి. ఈ హద్దు రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

"మరి పున్నమి వెన్నెల మాటేమిటి?" అని మీరు అడగవచ్చు. వెన్నెల వెలుగు చాలా తక్కువ. దాంతో చామంతికి ఇబ్బంది లేదు. వీధి దీపం, కళ్లం దీపం, కోళ్ల షెడ్డు దీపం... వీటితోనే జాగ్రత్త.

మన దగ్గర పొద్దు ఎంత?

హైదరాబాదు దగ్గర జూన్ 21 నాటి పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరు 21 నాటిది సుమారు 11 గంటల 5 నిమిషాలు. చిత్తూరు వైపు దక్షిణానికి పోయేకొద్దీ ఈ తేడా ఇంకా తగ్గుతుంది. చలి దేశాల్లో లాగా పదహారు గంటల పగలు మనకు ఉండదు. అంటే మన వేసవి పొద్దు కూడా చామంతి హద్దుకు దగ్గర దగ్గరలోనే ఉంటుంది. సెప్టెంబరు వచ్చేసరికి పగలూ రాత్రీ సమానమై, అక్కడి నుంచి రాత్రి పెరుగుతూ పోతుంది.

దీనివల్ల రెండు సంగతులు జరుగుతాయి. జూన్, జూలైలో నాటిన పిలకలకు పెరగడానికి కావలసిన సమయం దొరుకుతుంది. అవి ఏపుగా కొమ్మలు వేసి అక్టోబరు, నవంబరుల్లో పూస్తాయి. అదే పిలకలను సెప్టెంబరులో నాటితే బెత్తెడు ఎత్తులోనే మొగ్గ కట్టేస్తాయి. మొక్కకు నాలుగు పూలు పూసి ఊరుకుంటాయి. ఆలస్యంగా నాటి "పిలక మంచిది కాదు" అని నర్సరీ వారిని తిట్టుకున్న రైతులు చాలామందే ఉన్నారు. తప్పు పిలకది కాదు, నాటిన తేదీది.

పిలక ఎంపికలోనే సగం పంట

మన చేలలో పిలకలు నాటడమే అలవాటు. పూత అయిపోయాక జనవరి, ఫిబ్రవరిలో పాత మొక్కలను నేలకు దగ్గరగా కోసేసి, కాస్త పశువుల ఎరువు వేసి తడి ఇస్తే మొదలు చుట్టూ పిలకలు వస్తాయి. ఎండాకాలమంతా వాటిని కాపాడుకుని జూన్‌లో వేళ్లతో సహా విడదీసి నాటుకోవచ్చు.

కొమ్మ కొసల నుంచి కూడా నారు చేసుకోవచ్చు. రెండు మూడు అంగుళాల లేత కొస తీసుకుని, కింది ఆకులు తీసేసి, కడిగిన ఇసుకలోనో కొబ్బరి పీచు పొట్టులోనో గుచ్చి నీడలో ఉంచాలి. రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మొగ్గ కట్టడం మొదలైన కొమ్మ నుంచి కొస తీసుకోకూడదు. అలాంటి కొస నాటితే పెరగకుండానే పూతకు వస్తుంది.

ఎండు తెగులు, ఆకుమచ్చ కనిపించిన చేలో నుంచి పిలకలు ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు. తెగులు కూడా పిలకతో పాటే వచ్చేస్తుంది.

నేల, నాట్లు

నీరు నిలవని ఎర్ర గరప నేలలు, ఇసుక కలిసిన నేలలు చామంతికి బాగుంటాయి. నల్లరేగడిలో వెయ్యక తప్పకపోతే ఎత్తు మడులు చేసుకుని, మురుగు పోవడానికి కాలువలు తీయాలి. చామంతి వేరు పైపైనే ఉంటుంది. రెండు రోజులు నీరు నిలిస్తే వేరు కుళ్లి మొక్క తల వాల్చేస్తుంది.

పది సెంట్లకు ఒక టన్ను బాగా మాగిన పశువుల ఎరువు దుక్కిలో కలపాలి. మాగని పేడ వేస్తే వేరుపురుగు, కలుపు రెండూ వస్తాయి. ఎరువులో ట్రైకోడెర్మా కలిపి, తడి గోనెసంచి కప్పి, వారం పది రోజులు నీడలో ఉంచి వేసుకుంటే ఎండు తెగులు కొంత అదుపులో ఉంటుంది.

అడుగుకు అడుగు దూరంలో నాటితే పది సెంట్లకు సుమారు 4,350 మొక్కలు పడతాయి. బోదెకు పక్కగా, సాయంత్రం చల్లబడ్డాక నాటి, వెంటనే తడి ఇవ్వాలి.

తల తుంచడం: చెయ్యి ఆడాల్సిన పని

చాలామంది పట్టించుకోని పని ఇదే. మొక్క ఏపుగా పెరుగుతుంటే తల తుంచడానికి మనసు రాదు. "పెరిగే మొక్కను ఎందుకు తుంచాలి?" అనిపిస్తుంది. కాని తుంచకపోతే ఏమవుతుందో చూడండి. కొసలో ఉన్న లేత చిగురు కింది కణుపుల్లోని చిగుళ్లను లేవనివ్వదు. ఆ చిగురులో పుట్టే ఒక రసాయనం కిందికి దిగి పక్క చిగుళ్లను నిద్రపుచ్చుతుంది. మొక్క ఒంటి కాడగా, బారుగా పోతుంది. కొసన పూలు పూసి, గాలికి పడిపోతుంది. తల తీసేస్తే ఆ అదుపు పోతుంది. కింది కణుపుల్లో నుంచి మూడు నాలుగు కొమ్మలు లేస్తాయి.

మొదటి తుంపు: నాటిన నాలుగు వారాలకు, మొక్క జానెడు ఎత్తుకు వచ్చి కొత్త ఆకులు వేస్తున్నప్పుడు చెయ్యాలి. కొసన అంగుళం, అంగుళంన్నర లేత భాగం మాత్రం బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి గిల్లెయ్యాలి. కాడ టప్పున విరగాలి. పీచులా సాగితే ముదిరిపోయిందని అర్థం. కింద అయిదారు ఆకులు మిగలాలి.

రెండో తుంపు: నాటిన ఏడు వారాలకు చెయ్యాలి. మొదటి తుంపు తర్వాత వచ్చిన కొమ్మలు నాలుగైదు అంగుళాలయ్యాక ఒక్కో కొమ్మ కొసా తుంచాలి. ఒక కాడ నాలుగు కొమ్మలై, నాలుగు కొమ్మలు పది పన్నెండై మొక్క గుబురుగా తయారవుతుంది. విడిపూల చామంతికి ఈ గుబురే దిగుబడి.

మూడో తుంపు జోలికి పోవద్దు. మొగ్గ లోపల కట్టడం మొదలయ్యాక తుంచితే పూలనే తుంచేసినట్టు. ఆఖరి తుంపుకూ మొదటి పూల కోతకూ మధ్య రకాన్ని బట్టి రెండున్నర నుంచి మూడు నెలలు ఉండాలి. ఈ లెక్క గోడ మీద రాసిపెట్టుకోండి.

తుంపు పని పొద్దున మంచు ఆరాక చెయ్యాలి. తడి మీద తుంచితే ఆ గాయంలోకి తెగులు దిగుతుంది. వాడిపోయిన మొక్కను ముట్టుకున్న చేత్తో మంచి మొక్కను తుంచవద్దు. తుంచిన చిగుళ్లు సాళ్లలో పారెయ్యకుండా బుట్టలో వేసుకుని బయట పడేయాలి. వాటిలో పెనుబంక ఉంటే అక్కడి నుంచే మళ్లీ ఎక్కుతుంది.

పిలకలు, మొగ్గలు, ఊతం

మొక్క పెరుగుతుండగానే మొదట్లో నుంచి పిలకలు లేస్తుంటాయి. పూత వచ్చేదాకా వాటిని తీసేస్తూ ఉండాలి. వదిలేస్తే ఎరువంతా అవే తినేస్తాయి. వచ్చే ఏడాదికి పిలకలు కావాలంటే పూత అయ్యాక వచ్చేవి చాలు.

మొగ్గలు తీయడమనేది అందరికీ అవసరం లేదు. బొకేలకు, అలంకరణకు పెద్ద పువ్వు కావాలనుకునేవారు కొమ్మకు కొసన ఒక మొగ్గ ఉంచి పక్క మొగ్గలు చిన్నవిగా ఉండగానే గిల్లేస్తారు. దండలకు, పూజకు విడిపూలు అమ్మే రైతు ఆ పని చెయ్యకూడదు. మన మార్కెట్లో పువ్వు తూకానికే పోతుంది.

గుబురుగా పెరిగిన మొక్క పూల బరువుకు, వానకు ఒరిగిపోతుంది. నేలను తాకిన పువ్వు మట్టి అంటి అమ్ముడుపోదు. సాలు రెండు చివర్లా, మధ్యలో పది పన్నెండు అడుగులకొకటి చొప్పున కర్రలు పాతి, మొక్కలకు రెండు పక్కలా పురికొస లాగి కట్టండి. మొదటి వరస అడుగు ఎత్తులో, మొక్క ఎదిగాక రెండో వరస అంతకు పైన కట్టాలి. ఈ పని మొగ్గ కట్టకముందే అయిపోవాలి. తర్వాత దూరితే కొమ్మలు విరుగుతాయి.

దీపాలు ఎవరికి కావాలి?

జూన్, జూలైలో నాటి అక్టోబరు, నవంబరుల్లో కోసేవారికి దీపాలతో పని లేదు. పొద్దే ఆ పని చేసిపెడుతుంది. అయితే ఊరంతా అప్పుడే కోస్తుంది. సంక్రాంతికో, ఆ తర్వాత పెళ్లిళ్లకో పూలు కావాలంటే ఆలస్యంగా నాటాలి. ఆలస్యంగా నాటిన మొక్క ఎదగకుండా పూసేస్తుంది. దాన్ని ఎదిగేదాకా ఆపాలంటే రాత్రిని మధ్యలో తెంచాలి. చిత్తూరు, అనంతపురం వైపు, పక్కనే కోలారు ప్రాంతంలో రాత్రిపూట చామంతి చేలు దీపాలతో వెలుగుతూ కనిపించేది ఇందుకే.

రాత్రి 10 గంటల నుంచి 2 గంటల దాకా దీపాలు వెలిగిస్తే చాలు. తెల్లవార్లూ అక్కర్లేదు. అటు మూడు నాలుగు గంటలు, ఇటు మూడు నాలుగు గంటలు చీకటి మిగులుతుంది. ఆ రెండు ముక్కల్లో ఏదీ మొగ్గకు చాలదు.

వెలుగు ఎంత ఉండాలి? నాలుగు దీపాల నడుమ అన్నింటికన్నా మసకగా ఉన్నచోట, మొక్క ఎత్తులో పేపరు పట్టుకుంటే అక్షరాలు సులువుగా చదవగలగాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పది అడుగులకొకటి చొప్పున, మొక్కల కొసలకు అయిదారు అడుగుల ఎత్తున కట్టుకుంటే సరిపోతుంది. ఎరుపు వెలుగుకే మొక్క ఎక్కువగా స్పందిస్తుంది కనుక పసుపు ఛాయ బల్బు మంచిది.

వెనక నుంచి లెక్క

పండగ పంటకు లెక్క ఎప్పుడూ వెనక నుంచి వెయ్యాలి. సంక్రాంతి పూలు జనవరి 5 నుంచి కోతకు రావాలనుకుందాం. రాత్రులు పొడవైన దగ్గర నుంచి పూత విచ్చుకోవడానికి రకాన్ని బట్టి 8 నుంచి 11 వారాలు పడుతుంది. మీది పది వారాల రకం అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది.

జనవరి 5కు పది వారాల ముందు, అంటే అక్టోబరు 27న దీపాలు ఆపాలి.

దానికి రెండు వారాల ముందు, అక్టోబరు 13న రెండో తుంపు.

దానికి మూడు వారాల ముందు, సెప్టెంబరు 22న మొదటి తుంపు.

దానికి నాలుగు వారాల ముందు, ఆగస్టు 25న నాట్లు.

దీపాలు సెప్టెంబరు 5 నుంచి అక్టోబరు 26 రాత్రి దాకా, అంటే 52 రాత్రులు వెలగాలి.

మీ రకం ఎన్ని వారాలదో నర్సరీ వారి మాట ఒక్కదాని మీదే నమ్మవద్దు. మీ చేలో ఈ ఏడాది పది మొక్కలకు గుడ్డపేలిక కట్టి, మొగ్గ కనిపించిన రోజు, మొదటి పువ్వు కోసిన రోజు నోటు పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏడాది ఆ పుస్తకమే మీకు దారి చూపుతుంది.

కరెంటు ఖర్చెంత?

పది సెంట్లంటే 4,356 చదరపు అడుగులు. వంద చదరపు అడుగులకు ఒక బల్బు చొప్పున 44 బల్బులు. ఒక్కోటి 9 వాట్లు కనుక మొత్తం 396 వాట్లు. రోజుకు నాలుగు గంటలకు సుమారు 1.6 యూనిట్లు. 52 రాత్రులకు దాదాపు 83 యూనిట్లు అవుతుంది. కరెంటు బిల్లు కన్నా మొదట పెట్టే తీగలు, హోల్డర్లు, బల్బులకే ఖర్చు ఎక్కువ. అవి జాగ్రత్తగా తీసి దాచుకుంటే మరికొన్ని పంటలకు పనికొస్తాయి.

అందుకే మొదటిసారే అర ఎకరానికి తీగలు లాగవద్దు. పది సెంట్లతో మొదలుపెట్టండి. అయిదు సెంట్లకైనా సరే. పంట వచ్చి చేతిలో లెక్క తేలాక పెంచుకోవచ్చు.

ఇక ప్రాణం సంగతి. తడి నేల, రాత్రి చీకటి, అతుకుల తీగ... ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మోటారు తీగ నుంచి కొక్కెం వేసి దీపాలు వెలిగించవద్దు. విద్యుత్ సంస్థ వారిని అడిగి సరైన కనెక్షను తీసుకోండి. తీగలకు అతుకులు లేకుండా, మనిషి తలకు తగలని ఎత్తులో కట్టండి. కర్రలు చెక్కవై ఉండాలి, ఇనుపవి వద్దు. ప్రాణరక్షణ స్విచ్ పెట్టించుకోండి. టైమరు పెట్టుకుంటే అర్ధరాత్రి లేచి చేలోకి పోయే పని తప్పుతుంది. రాత్రి దీపాలు వెలిగే చేలో తడి పెట్టవద్దు.

ఒక రాత్రి కరెంటు పోతే కంగారు పడనక్కర్లేదు. వరసగా మూడు నాలుగు రాత్రులు పోతే మాత్రం మొక్క దారి తప్పి మొగ్గ కట్టడం మొదలెడుతుంది.

పక్క చేను వారితో కూడా ఒక మాట అనుకోండి. పొద్దును బట్టి ఈనే వరి రకాలు దీపం వెలుగు పడినచోట ఆలస్యంగా ఈనుతాయి. తర్వాత గట్టు తగాదా పడేకన్నా ముందే దీపం మూతి ఇటు తిప్పుకోవడం మేలు.

చీకటి చెయ్యడం

దీనికి తిరగదీసిన పద్ధతి కూడా ఉంది. ఎండాకాలంలో పూలు కావాలనుకునే పాలీహౌస్ రైతులు సాయంత్రం 5 నుంచి మర్నాడు ఉదయం 7 దాకా నల్లగుడ్డ కప్పి రాత్రిని పొడిగిస్తారు. చిరుగు నుంచి వెలుగు పడినా ఆ మేరకు పూత చెడుతుంది. గుడ్డ కింద వేడి పెరుగుతుంది. వేడి రాత్రుల్లో చామంతి పూత ఆలస్యమవుతుంది, పువ్వు రంగు వెలిసిపోతుంది. ఇందులో ఖర్చూ, కూలీ రెండూ ఎక్కువే. ఒంటి చేత్తో సేద్యం చేసుకునే చిన్న రైతు దీని జోలికి పోకపోవడమే మంచిది.

నీరు, ఎరువు

మొదటి నెల వారానికి రెండు తడులు, తర్వాత వారానికొకటి సరిపోతుంది. వానలు పడుతుంటే అదీ వద్దు. డ్రిప్ ఉంటే ఆకు తడవదు, తెగులు తగ్గుతుంది. సాయంత్రం పూట ఆకుల మీద నీరు పోయకూడదు.

పది సెంట్లకు దుక్కిలో 30 కిలోల సూపర్ ఫాస్ఫేటు వెయ్యాలి. యూరియా మొత్తం 11 కిలోలు. దీన్ని మూడు భాగాలు చేసి నాటిన పది రోజులకు ఒకటి, మొదటి తుంపు తర్వాత ఒకటి, రెండో తుంపు తర్వాత ఒకటి వేసుకోవాలి. పొటాష్ ఎంత వెయ్యాలన్నది భూసార పరీక్ష కాగితం చూసి నిర్ణయించుకోండి. మొగ్గ కనిపించాక యూరియా ఆపెయ్యాలి. అప్పుడు వేస్తే ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంది గాని పువ్వు మెత్తబడి, బుట్టలోనే వాడుతుంది.

పురుగు, తెగులు

గుబురు మొక్కలో గాలి ఆడకపోతే పురుగు చేరుతుంది. లేత కొసల మీద పెనుబంక, ఆకు అడుగున నల్లి, మొగ్గల్లో తామర పురుగులు ముఖ్యమైనవి. వారానికి రెండుసార్లు ఆకు తిప్పి చూడండి. పసుపు రంగు జిగురు అట్టలు అక్కడక్కడ పెడితే పెనుబంక రాక ముందే తెలుస్తుంది. మొదట్లోనే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. దీపాలున్న చేలో రాత్రి పురుగులు వెలుగుకు వస్తాయి. మొగ్గలకు రంధ్రాలున్నాయేమో ఎక్కువగా చూసుకోవాలి.

కింది ఆకుల మీద నల్లమచ్చలు కనిపిస్తే ఆ ఆకులు కోసి కాల్చెయ్యాలి. మొక్క ఒక పక్క నుంచి వాడుతూ వస్తుంటే వేళ్లతో సహా పీకేసి, ఆ గుంటలో, చుట్టుపక్కల మొక్కల మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయాలి. ఇంతకన్నా పెద్ద మందులు కావాలంటే షాపువారిని కాక ఉద్యాన శాఖ అధికారిని అడగండి.

ఒక్క మాట మరిచిపోవద్దు. ఈ పూలు ఆడబిడ్డలు తలలో పెట్టుకుంటారు. దేవుడి పటానికి వేస్తారు. కోసే పిల్లలు, కూలీల చేతులకు అంటుతాయి. కోత మొదలయ్యాక విషపు మందులు కొట్టవద్దు.

కోత, అమ్మకం

పువ్వు పూర్తిగా విచ్చుకుని, అంచు రేకులు వాడక ముందే కోయాలి. మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరక ముందు కోత ముగించండి. నాలుగైదు రోజులకొకసారి కోత వస్తుంది. తడి పువ్వు సంచిలో కుక్కితే దారిలోనే వేడెక్కి నల్లబడుతుంది. వెదురు బుట్టల్లో పల్చగా సర్దుకుంటే ఒక రోజు ప్రయాణాన్ని తట్టుకుంటుంది.

పది సెంట్లలో 4,000 మొక్కలు నిలిచి, ఒక్కోటి వంద గ్రాములు ఇచ్చినా నాలుగు క్వింటాళ్లు అవుతుంది. కాని బరువు చూసి సంతోషపడితే చాలదు. మార్కెట్టు చీటీలో ఉన్న ధర మీది కాదు. అందులో నుంచి కోత కూలి, బండి కిరాయి, కమీషను తీసెయ్యండి. మిగిలిందే మీ ధర. హైదరాబాదు గుడిమల్కాపూర్ కావచ్చు, కడియపులంక కావచ్చు, బెంగుళూరు కావచ్చు. దూరపు మార్కెట్లో కిలోకు అయిదు రూపాయలు ఎక్కువ వచ్చినా, బండి ఖర్చు అంతకన్నా ఎక్కువైతే దగ్గరి ఊళ్లో దండలు కట్టేవారికి అమ్ముకోవడమే మేలు.

అన్నిటికన్నా మించి, ఉన్న నేల అంతా ఒకే రోజు నాటవద్దు. ముప్పై సెంట్లుంటే మూడు ముక్కలు చెయ్యండి. ఒకటి జూలైలో, దీపం లేకుండా. ఇంకోటి దానికి మూడు వారాల తర్వాత. మూడోది సంక్రాంతికి, దీపంతో. అక్టోబరు, నవంబరు తుపానుకు ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి నిలబడుతుంది. దీపావళికి ధర పడిపోయినా పెట్టుబడి మొత్తం మునగదు. మూడు ముక్కల పని ఇంటి మనుషులే చేసుకోవచ్చు. తుంపుకు, కోతకు ఒక్కసారిగా కూలీల కోసం పరుగెత్తే పని ఉండదు.

వీధి దీపం కింద పూయని ఆ నాలుగు సాళ్లను చూసి ఇకపై బాధపడకండి. చీకటి ఎంత ఉండాలో, ఎప్పుడు ఉండాలో ఆ సాళ్లే మనకు నేర్పాయి. మొక్క చెప్పేది వినే రైతుకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, రెండు వేళ్లు, కాస్త ఓర్పు ఉంటే చాలు.

గుర్తుంచుకోండి

• నాటిన నాలుగు వారాలకు మొదటి తుంపు, ఏడు వారాలకు రెండో తుంపు. ఆ తర్వాత తుంచవద్దు.

• పూత వచ్చేదాకా మొదట్లో పిలకలు తీస్తూ ఉండాలి.

• జూన్, జూలై నాట్లకు దీపాలు అక్కర్లేదు. ఆలస్యపు నాట్లకే కావాలి.

• దీపాలు రాత్రి 10 నుంచి 2 గంటల వరకు. ఆపిన తర్వాత 8 నుంచి 11 వారాలకు పూత.

• మొగ్గ కనిపించాక యూరియా వద్దు. కోత మొదలయ్యాక విషపు మందు వద్దు.

• అతుకుల తీగ, కొక్కెం కరెంటు వద్దే వద్దు. పంట కన్నా ప్రాణం ముఖ్యం.